మన్యంలో గాయాల దారి

అనంతగిరి ఘాట్ మలుపులన్నీ దిగి శృంగవరపుకోట చేరిన బస్సు పక్కన ఒక్క క్షణం నిలబడితే కాలిన వాసన గుప్పుమంటుంది. బ్రేకు లైనింగు వేడెక్కిన వాసన అది. ఆ వేడి ఎంతో లెక్క వేయడం కష్టమేమీ కాదు. 15 టన్నుల బస్సు 800 మీటర్ల ఎత్తు నుంచి దిగిందంటే దాదాపు 11.8 కోట్ల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. 370 లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోయే శక్తి ఇది. డ్రైవరు కేవలం బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఇదంతా ఆ కొద్దిపాటి ఇనుప డ్రమ్ముల్లోకే చేరుతుంది.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది. లైనింగుకు ఉండే రాపిడి గుణం కూడా వేడికి తగ్గిపోతుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాటలో గట్టి భౌతికశాస్త్రం ఉంది. చిన్న గేరులో దిగితే చక్రాలే ఇంజన్ని తిప్పాల్సి వస్తుంది. ఆ శ్రమలో శక్తి కొంత ఇంజన్లోనే ఖర్చయిపోతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది.

2021 ఫిబ్రవరి 12 సాయంత్రం హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు అనంతగిరి ఘాట్‌లోని డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు, వారిలో ఒక పసిబిడ్డ. 2023 ఆగస్టులో చోడవరం నుంచి పాడేరు వెళ్తున్న ఆర్టీసీ బస్సు పాడేరు ఘాట్‌లో బోల్తాపడి ఇద్దరు పోయారు. అంతకుముందు, 2019 అక్టోబరులో, మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో కర్ణాటక యాత్రికుల వాహనం పడిపోయి ఎనిమిది మంది మరణించారు. 2025 డిసెంబరులో అదే ఘాట్‌లో చిత్తూరు వైపు నుంచి వచ్చిన మరో యాత్రికుల బస్సు లోయ పాలైంది. ఈ నాలుగింటిలో మూడు బయటి నుంచి వచ్చిన ప్రైవేటు వాహనాలు. మైదానంలో వందల కిలోమీటర్లు నడిపి అలసిన డ్రైవరు, ముందెన్నడూ చూడని మలుపులు, మంచు. ఇవి కలిసే చోటు ఏదో, కలిసే వేళ ఏదో ముందే తెలుసు. ఘాట్ మొదట్లోనే బండిని పది నిమిషాలు ఆపి బ్రేకులు చూసి, గేరు సంగతి చెప్పి పంపే చెక్‌పోస్టు పెట్టడం పెద్ద ఇంజనీరింగ్ పనేమీ కాదు.

గాయం అంటే తలరాత అనుకునే చోట విజ్ఞానశాస్త్రం వేరే మాట చెబుతుంది. గాయమంటే ఒంటికి తట్టుకోలేనంత శక్తి హఠాత్తుగా చేరడం. అది వేగం తెచ్చిన శక్తి కావచ్చు, మంట తెచ్చిన వేడి కావచ్చు, పిడుగు తెచ్చిన విద్యుత్తు కావచ్చు. పాము కోరలోంచి దిగే విషాన్ని కూడా ఈ జాబితాలోనే చేర్చారు. 1960లలో అమెరికా రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతిగా పనిచేసిన వైద్యుడు విలియం హాడన్ ఈ ఆలోచనను ఒక పట్టికగా మార్చాడు. ప్రమాదానికి ముందు, ప్రమాద క్షణం, ఆ తర్వాత అని మూడు అడ్డ వరుసలు గీశాడు. మనిషి, వస్తువు, పరిసరం అని నిలువు గళ్లు పెట్టాడు. ఏ గడిలోనైనా ఆ శక్తికి అడ్డుకట్ట వేయవచ్చు. ప్రతిసారీ మనిషి జాగ్రత్త మీదే భారం వేయనక్కర్లేదన్నది ఆ పట్టిక నేర్పిన అసలు పాఠం. అరకు లోయలో, పాడేరు కొండల్లో ఈ పట్టిక పట్టుకుని తిరిగితే ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో కనిపిస్తుంది.

మిరియాల సంగతే తీసుకోండి. ఈ కొండల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ తోటలున్నాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కాఫీ మొక్కలకు నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు పాకించారు. కాఫీ ఒకటే అయితే రేటు పడిపోయిన ఏడాది రైతు కుంగిపోతాడు, మిరియం ఆ లోటు తీరుస్తుంది. తోట ఆర్థికంగా బాగుపడింది కానీ పని నేల మీద నుంచి చెట్టు మీదికి ఎక్కింది. కాఫీ పండు చేతికందే ఎత్తులో ఉంటుంది. మిరియం గెలలు కోయాలంటే వెదురు నిచ్చెన ఆనించి, నడుముకు సంచి కట్టుకుని, ఒక చేత్తో కాండాన్ని పట్టుకుని మరో చేత్తో కోయాలి. కింద వాలు నేల, రాలిన ఆకుల కింద జారే మట్టి. నిచ్చెన కాళ్లకు సమతలం దొరకదు.

5 మీటర్ల ఎత్తు నుంచి జారిన మనిషి నేలను తాకేటప్పటికి గంటకు 35 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. 10 మీటర్లయితే 50. చింతచెట్టు ఎక్కి కాయ దులిపేవాళ్లకు, జీలుగు కల్లు గీసేవాళ్లకు, కొండచరియల్లో తేనె పట్టేవాళ్లకు ఈ ఎత్తులు రోజువారీ పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారు. అనుకోకుండా తగిలే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. మన గ్రామాల్లో వెన్నుపూస దెబ్బతిని మంచాన పడేవాళ్లలో చెట్టు మీద నుంచి, కట్టడం మీద నుంచి పడినవాళ్లు చాలామంది.

పడటంలో ప్రాణం తీసేది వేగం కాదు, ఆగే తీరు. 1942లో హ్యూ డి హేవెన్ అనే అమెరికన్ పరిశోధకుడు 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి కూడా బతికినవాళ్ల ఉదంతాలు సేకరించి ఒక వ్యాసం రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శిక్షణలో ఉండగా విమానం కూలి తానూ చావు తప్పించుకున్నవాడే. మెత్తని నేల మీదో, వంగి విరిగే వస్తువుల మీదో పడినవాళ్లు బతికారని అతను చూపించాడు. 5 మీటర్ల నుంచి పడిన ఒళ్లు 5 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే ఎముకల మీద భూమ్యాకర్షణకు వంద రెట్ల బలం పడుతుంది. అదే అర మీటరు దూరంలో ఆగితే పది రెట్లే. కారు ముందు భాగం నలిగేలా చేయడం, సీటు బెల్టు, హెల్మెట్‌లోని నురుగు, ఇవన్నీ ఆ ఆగే దూరాన్ని పెంచడానికే పుట్టాయి.

కాబట్టి మిరియం కోసే మనిషికి "జాగ్రత్తగా ఎక్కు" అని చెప్పడం కన్నా చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. నిచ్చెన పై కొసను కాండానికి తాడుతో కట్టాలి. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు ఎడంగా నిచ్చెన కాలు పెట్టాలి. కింద మరో మనిషి నిచ్చెన పట్టుకోవాలి. తీగను అందని ఎత్తుకు ఎగబాకనివ్వకుండా తోటలోనే అదుపు చేయాలి. కాఫీ, మిరియాల ధర కోసం గిరిజన సహకార సంస్థ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పడే శ్రమలో పదో వంతు నిచ్చెనల మీద, నడుము బెల్టుల మీద పెట్టినా చాలు. ఫ్యాక్టరీలో కూలీ జారిపడితే పరిహారానికి చట్టం ఉంది. సొంత తోటలో యజమానీ తానే, కూలీ తానే అయిన గిరిజన రైతుకు పరిహారం అడగడానికి ఎదుట ఎవరూ ఉండరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనాలో ఏటా 39.5 కోట్ల మంది పనిలో గాయపడుతున్నారు. వ్యవసాయం అత్యంత ప్రమాదకరమైన రంగాల్లో ఒకటి.

పాము కాటుకు వస్తే లెక్కలు ఇంకా బరువైనవి. దేశమంతటా ఎంపిక చేసిన ఇళ్లకు తిరిగి మరణాల కారణాలు అడిగి తెలుసుకున్న అధ్యయనం ఆధారంగా 2020లో వెలువడిన అంచనా ప్రకారం, 2000 నుంచి 2019 దాకా భారత్‌లో పాముకాటుతో 12 లక్షల మంది పోయారు. ఏడాదికి సగటున 58,000. ఈ మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనివి, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్య వానల్లో జరిగాయి. పోడు పొలంలో కలుపు తీసే రోజులు, చీకట్లో గట్ల మీద నడిచే రోజులు అవే.

కట్లపాము కాటు వేరే రకం కథ. రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషిని కరిచినా నొప్పి దాదాపు తెలియదు, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం. అప్పటికే విషం నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను తెంచేస్తుంది, ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. దీనికి ఎంతో చవకైన అడ్డుకట్ట దోమతెర. అంచులు పరుపు కిందికి మడిచిన తెర పాముకాటును బాగా తగ్గించిందని నేపాల్ అధ్యయనాలు చూపించాయి. మలేరియా కోసం మన్యంలో పంచే తెరలకు ఈ రెండో పని కూడా ఉందని ఇంటింటికీ చెప్పాలి.

రక్తపింజర విషం నెత్తురు గడ్డకట్టనివ్వదు. దీన్ని కనిపెట్టే పరీక్ష ఎంత తేలికంటే, శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం నెత్తురు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి ఒంచి చూడటమే. గడ్డకట్టకుండా కారితే విషం ఎక్కినట్టు. కరెంటు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఇది చేయొచ్చు. పొడి రూపంలో వచ్చే విషవిరుగుడుకు ఫ్రిజ్ అక్కర్లేదు, అది కొండ మీది కేంద్రాలకు వరం. అయితే మన విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషంతోనే తయారవుతుంది. కాఫీ కొమ్మల్లో కలిసిపోయే ఆకుపచ్చని పిట్ వైపర్ కాటుకూ, తూర్పు కనుమల్లో ఉండే గిరినాగు కాటుకూ అది పనిచేయదు. ఆకుపచ్చ పాము కాటు ప్రాణం తీయడం అరుదు, కానీ చెయ్యి వాచి వారాలు పని పోతుంది. కొమ్మలోకి చేయి పెట్టే ముందు కర్రతో కదపడం, పొడవాటి చేతుల చొక్కా, మందపాటి గ్లవ్స్, ఇవి ఆ పని పోకుండా కాపాడతాయి.

కాటు తర్వాత తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం హాని చేస్తాయి. గట్టిగా కట్టిన తాడు కింద కండ చచ్చిపోతుంది. ఊరి నాటు వైద్యుడిని ఎగతాళి చేస్తే ఎవరూ ఆస్పత్రికి రారు. ఆయనే మొదట చూసే మనిషి కాబట్టి ఆయనకే ఈ సంగతులు నేర్పి, రోగిని పంపే బాధ్యత ఇవ్వడం మేలు. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030కల్లా మరణాలను సగానికి తగ్గించడం దాని లక్ష్యం. అదే ఏడాది నవంబరులో ప్రతి పాముకాటునూ ప్రభుత్వానికి తప్పక తెలియజేసే జబ్బుల జాబితాలో చేర్చమని రాష్ట్రాలకు రాసింది.

డోలీ గురించి ఇక్కడే చెప్పాలి. రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి కర్రకు కట్టిన దుప్పటిలో రోగిని మోసుకొచ్చే దృశ్యం పత్రికల్లో తరచూ వస్తుంది. పాము కరిచిన మనిషికి డోలీ మంచిదే. నడిస్తే కాలి కండరాలు బిగుస్తూ వదులుతూ విషాన్ని త్వరగా పైకి తోస్తాయి. కదలకుండా మోసుకెళ్తే కొంత వ్యవధి దొరుకుతుంది. అదే చెట్టు మీద నుంచి పడి వెన్ను దెబ్బతిన్నవాడిని దుప్పటి డోలీలో వేస్తే ఒళ్లు రెండుగా మడుచుకుంటుంది. విరిగిన పూస ముక్క లోపలి నరాల తాడును నొక్కితే అప్పటిదాకా కదిలిన కాళ్లు ఆ దారిలోనే చచ్చుబడిపోవచ్చు. అలాంటి మనిషిని తలుపు చెక్క మీదో, వెదురు బద్దలు కట్టిన తడక మీదో చదునుగా పడుకోబెట్టి, తల అటూ ఇటూ కదలకుండా రెండు వైపులా గుడ్డ మూటలు పెట్టి, తాళ్లతో కట్టి మోయాలి. రోడ్డు లేని ప్రతి ఊళ్లో ఆశ కార్యకర్త దగ్గర మడిచే స్ట్రెచర్ ఒకటి ఉండటం ఈ రోజుల్లో మరీ పెద్ద కోరికా? వానలో జారే బండల మీద మోసేవాళ్ల మోకాళ్లకూ నడుములకూ తగిలే దెబ్బలు ఏ లెక్కలోకీ రావు.

కొండ దిగాక కూడా దూరం తీరదు. అరకు నుంచి విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆస్పత్రికి దాదాపు 115 కిలోమీటర్లు, అందులో కొంత భాగం ఘాట్. తలకు బలమైన దెబ్బ తగిలితే, కడుపులో నెత్తురు కారుతుంటే తొలి గంటలే కీలకం. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ, తర్వాత వచ్చిన ఫీడర్ అంబులెన్సు బైకులు ఈ దూరాన్ని కొంత తగ్గించాయి. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల రావడం అన్నిటికన్నా పెద్ద మార్పు. విరిగిన ఎముకకూ, తల గాయానికీ అక్కడే శస్త్రచికిత్స జరిగేంతగా దాన్ని బలపరిస్తే ఎందరికో ఘాట్ ప్రయాణం తప్పుతుంది.

రోడ్లు వేయాలి, తప్పదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం నుంచి మొదలైన, గిరిజన గూడేలకు రోడ్లు వేసే అడవితల్లి బాట పనులు అందుకే. అయితే కొత్త రోడ్డుతో పాటు కొత్త గాయాలు కూడా వస్తాయని ముందే తెలుసుకోవాలి. నిన్నటిదాకా నడిచిన కుర్రాడు ఇవాళ బైకు కొంటాడు. సంత రోజు ఆ బైకు మీద ముగ్గురు, ఆటోలో పదిహేను మంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వాళ్లలో హెల్మెట్ లేక పోయినవాళ్లే 50,029 మంది. హెల్మెట్ తల గాయాన్ని 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గిస్తుందని ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. రోడ్డు గుత్తేదారుకు తారు వేసినందుకు బిల్లు ఇచ్చినట్టే మలుపు దగ్గర ఉక్కు కంచె, గుండ్రటి అద్దం, మెరిసే గుర్తులు పెట్టినందుకూ బిల్లు ఉండాలి. అవి లేకుండా పని పూర్తయిందని సంతకం పెట్టకూడదు.

నీళ్ల దగ్గర జరిగేవి వేరు. కొండ గెడ్డల్లో పైన ఎక్కడో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే ప్రవాహం పెరుగుతుంది. 15 సెంటీమీటర్ల లోతున్న ఉధృతమైన నీళ్లే మనిషి కాళ్లను లాగేస్తాయి, 30 సెంటీమీటర్లు చిన్న కారును కదిలిస్తాయి. నీటి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయారు. 2021 మేలో సీలేరు జలాశయంలో నాటు పడవలు మునిగి, లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ఒడిశా ఊళ్లకు తిరిగి వెళ్తున్న వలస కూలీలు ఎనిమిది మంది బలయ్యారు. ఒక్కొక్కరికి ఒక లైఫ్ జాకెట్ ఉంటే తప్పే చావులివి.

పిడుగు దేశంలో 2022లో 2,887 మందిని చంపింది. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఉరుము వినపడిందంటే పొలం వదిలి పక్కా ఇంట్లోకి వెళ్లాలి, ఒంటరి చెట్టు కిందికి వెళ్లకూడదు. పిడుగు పడిన మనిషిని తాకితే షాక్ కొట్టదు. గుండె ఆగి ఉంటే వెంటనే ఛాతీ మీద నొక్కుతూ ఊపిరి అందిస్తే బతికే అవకాశం ఉంది. దామిని యాప్ హెచ్చరికలు ఇస్తుంది కానీ సిగ్నల్ లేని గూడేనికి యాప్ అందదు. అక్కడ బడి గంటో, గుడి మైకో ఆ పని చేయాలి.

చలికాలంలో లంబసింగి, వంజంగి వైపు వచ్చే పర్యాటకులకు ఒక మాట. గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. నెగడు చుట్టూ పడుకునే గూడెం ఇళ్లలో పసిపిల్లల కాలిన గాయాలు మరో దుఃఖం. కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీటి ధార పోయాలి, పేస్టో పసుపో పూయకూడదు.

ఈ గాయాల్లో ఏవి ఏ మలుపులో, ఏ తోటలో, ఏ వేళలో ఎక్కువో చెప్పే లెక్క ఊరి స్థాయిలో పుడితేనే నివారణకు దారి దొరుకుతుంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాయాల రిజిస్టరు ఒకటి తెరవాలి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, ఆస్పత్రికి ఎంతసేపటికి అనే నాలుగు సంగతులు రాస్తే చాలు. ఏడాది తిరిగేసరికి కంచె ఏ మలుపులో వేయాలో, నిచ్చెనలు ఏ పంచాయతీకి పంపాలో, విషవిరుగుడు ఏ నెలలో ఎన్ని సీసాలు కావాలో ఆ పుస్తకమే చెబుతుంది. పాడేరు ఐటీడీఏ, జిల్లా వైద్య శాఖ ఈ పని రానున్న కాఫీ కోతల నుంచే మొదలుపెట్టాలి.